డెబ్బై రెండో వంతు జెట్టు

కిరణ్ శిక్షణ జెట్టు రెక్కలు ఒక కొస నుంచి మరో కొస దాకా 10.7 మీటర్లు. దాన్ని 72తో భాగిస్తే 148.6 మిల్లీమీటర్లు వస్తుంది. 48తో భాగిస్తే 223 మిల్లీమీటర్లు, దాదాపు జానెడు. స్కేల్ మోడల్ పని ఈ భాగహారంతోనే మొదలవుతుంది. అసలు విమానంలోని ప్రతి కొలతనూ ఒకే అంకెతో భాగించి, ఆ లెక్కకు చివరిదాకా కట్టుబడి చేసినదే స్కేల్ మోడల్. లెక్క తప్పితే అది విమానం బొమ్మ అవుతుంది గానీ ఫలానా విమానం కాదు.

72 అనే అంకె వింతగా కనిపించినా దాని పుట్టుక సులువైనదే. ఆరు అడుగులకు ఒక అంగుళం. ఆరడుగుల పైలట్ ఈ కొలతలో అంగుళం ఎత్తున నిలబడతాడు. 1:48 అంటే అడుగుకు పావు అంగుళం. అడుగులు, అంగుళాలు వాడే దేశాల్లో పుట్టిన కొలతలు కాబట్టి ఇలా స్థిరపడ్డాయి.

ఈ కొలతల్లో ఎయిర్‌ఫిక్స్, రెవెల్, టమియా, హసెగావా వంటి కంపెనీలు ఎన్నో జెట్ల ప్లాస్టిక్ కిట్లు తెచ్చాయి. వాటిలో కిరణ్ లేదు. ప్లాస్టిక్ భాగాలు పోతపోసే ఉక్కు అచ్చు చాలా ఖరీదు. ప్రపంచమంతా కొనే విమానానికే ఆ ఖర్చు పెడతారు. కానీ తెలంగాణకు కిరణ్ పరాయిది కాదు. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో బెంగళూరులోని విమానాల సంస్థ హెచ్ఏఎల్ రూపొందించిన ఈ విమానం 1964 సెప్టెంబర్ 4న మొదటిసారి ఎగిరింది. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చునే ఈ జెట్టు మీదే దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలోనూ, హకీంపేటలోనూ తరాల తరబడి పైలట్లు తయారయ్యారు. జహీరాబాద్‌కు పొరుగునే ఉన్న బీదర్‌లో 1996లో మొదలైన సూర్యకిరణ్ విన్యాసాల దళం తొమ్మిది విమానాలతో ఎగిరింది కూడా ఎరుపు, తెలుపు రంగుల కిరణ్ మార్క్ 2 మీదే. ఇంత దగ్గరి విమానాన్ని బల్ల మీద నిలపాలనుకునే మోడలర్‌కు అంగట్లో పెట్టె దొరకదు. చేసుకోవాల్సిందే.

ఆ చేసుకోవడంలో రెండు దారులున్నాయి. దగ్గరి పోలిక ఉన్న కిట్‌ను కోసి, అతికి, మార్చడం ఒకటి. దీన్ని మోడలర్లు కన్వర్షన్ అంటారు. ముడి సరుకు నుంచి భాగాన్ని పూర్తిగా చెక్కుకోవడం రెండోది, స్క్రాచ్ బిల్డింగ్. నిజానికి రెండోదే పాత పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో కనిపించేది మిత్ర విమానమో శత్రు విమానమో సైనికులు నీడ చూసి చెప్పగలగాలి. అందుకు నమూనాలు కావాలని 1942లో అమెరికా నౌకాదళం బడి పిల్లలను 5 లక్షల చెక్క విమానాలు చెక్కిపెట్టమని కోరింది. అవన్నీ 1:72 కొలతలోనే. ఇచ్చిన గీతలను చెక్క మీదికి దించి చెక్కిన పిల్లలు వారు.

గీత ఎంత నమ్మదగినదైతే భాగం అంత నమ్మదగినది. అచ్చులో దొరికే డ్రాయింగులు చాలావరకు ఒకదాన్ని చూసి ఒకటి గీసినవి, తప్పులు కూడా అలాగే సంక్రమిస్తాయి. కాబట్టి బ్లేడు పట్టకముందే డ్రాయింగ్‌లోని పొడవునూ రెక్కల వెడల్పునూ తెలిసిన అసలు కొలతలతో పోల్చి చూడాలి. ఆ తర్వాతి ఆధారం ఫొటో. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెద్దదై తోక చిన్నదవుతుంది. దూరం నుంచి జూమ్ చేసి, సరిగ్గా పక్కవైపు నుంచి తీసినదే కొలతకు పనికొస్తుంది. అందులో తెలిసిన కొలత ఒకటి దొరికితే మిగతావన్నీ దాని నిష్పత్తిలో రాబట్టవచ్చు. వైమానిక స్థావరాల్లో ఫొటోలకు అనుమతి ఉండదు. అందుకని ఈ పనికి సరైన చోటు మ్యూజియం. బెంగళూరులోని హెచ్ఏఎల్ మ్యూజియంలో కిరణ్, అజీత్, మారుత్ జెట్లు మూడూ కళ్లెదుట ఉన్నాయి. చక్రాల గూడు లోపలి పైపులు, గాలి తూము అంచు మందం, తోక అతుకు వంటివి అక్కడ నిలబడి చూసినవారికే తెలుస్తాయి, ఏ డ్రాయింగూ చెప్పదు.

మార్చడం ఎలా ఉంటుందో తెలియడానికి నాట్ మంచి ఉదాహరణ. 1965, 1971 యుద్ధాల్లో భారత వైమానిక దళం నడిపిన ఈ చిన్న ఫైటర్ ఒంటి సీటుది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద పోరాడి ప్రాణమిచ్చి, పరమవీర చక్ర పొందిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది దీన్నే. అయితే ఎయిర్‌ఫిక్స్ ఎన్నో ఏళ్లుగా అమ్మిన నాట్ కిట్ బ్రిటన్ వాడిన రెండు సీట్ల శిక్షణ విమానానిది. పైపైన చూస్తే వెనక సీటు తీసేస్తే చాలనిపిస్తుంది. కొలత తీస్తే సంగతి బయటపడుతుంది. శిక్షణ నాట్ రెక్కలు 7.32 మీటర్లు, ఫైటర్‌వి 6.73. మోడల్‌లో ఈ తేడా 8 మిల్లీమీటర్లు, ఒక్కో వైపు 4. పొడవులో తేడా సుమారు 13 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడే పొరపడి రెక్క కొసలు 4 మిల్లీమీటర్లు కోసి ఊరుకుంటారు. కానీ శిక్షణ విమానం నెమ్మదిగా దిగడానికి వీలుగా దాని రెక్కను వెడల్పులోనూ పెంచారు. విస్తీర్ణం 16 చదరపు మీటర్లు దాటుతుంది, ఫైటర్‌ది 13కు లోపే. కొసలు కోసినంత మాత్రాన ఈ తేడా పూడదు. కిట్ రెక్కలు పక్కన పెట్టి కొత్తవి కట్టుకోవడమే సరైన పని.

కొత్త రెక్క కట్టడం అనుకున్నంత కష్టం కాదు. పలచని స్టైరీన్ ప్లాస్టిక్ షీటు మీద రెక్క ఆకారం రెండుసార్లు గీసి కోస్తారు. కింది పలకను బల్లపరుపుగా ఉంచి, రెక్క ఎక్కడ అన్నిటికన్నా మందంగా ఉంటుందో అక్కడ నిలువునా ఒక పట్టీ అతికిస్తారు. పై పలకను అరచేతిలో పెట్టి గుండ్రటి పెన్నుతో రుద్దితే అది మెల్లగా వంపు తిరుగుతుంది. ఆ వంపు పట్టీ మీద కూర్చునేలా అతికించి, ముందంచును ఎమ్రీ పేపర్‌తో గుండ్రంగా, వెనకంచును బ్లేడంత పలచగా అరగదీస్తారు. ఈ వెనకంచు చూస్తే చాలు, మోడలర్ ఎంత శ్రద్ధ పెట్టాడో తెలిసిపోతుంది. కిట్‌లో వెనకంచు 1 మిల్లీమీటరు మందం ఉంటే, అసలు విమానంలో అది 72 మిల్లీమీటర్లకు సమానం. ఏ జెట్టుకూ అంత మొద్దు అంచు ఉండదు. పలకల అతుకుల్ని సూచించే గీత 0.2 మిల్లీమీటర్లు ఉంటే, అసలు విమానం ఒంటి మీద వేలు దూరేంత సందు ఉన్నట్టే.

నాట్ ఫైటర్‌కు గాలి తూముల పక్కన రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులుంటాయి. 30ని 72తో భాగిస్తే 0.42. మందుల షాపులో దొరికే 22 గేజీ ఇంజెక్షన్ సూది లోపలి బోలు 0.41 మిల్లీమీటర్లు! వాడని సూదిని ఆకురాయితో అడ్డంగా రాసి తుంచితే ఫిరంగి గొట్టం తయారైనట్టే. ఇంతకంటే సన్నని సూదులు చక్రాల కాళ్లలో మెరిసే పిస్టన్ కడ్డీలకు సరిపోతాయి. వెతికే కన్ను ఉండాలి గానీ వైద్యుడి సామాను, వంటింటి సామాను, బడి సామాను అన్నింటిలో విమానం భాగాలున్నాయి.

పెద్ద నగరాల్లో తప్ప మోడల్ సామాను దుకాణాలు అరుదు కాబట్టి ఈ వెతుకులాట తప్పదు. ఎల్లారెడ్డిపేటలోనో కోరుట్లలోనో కూర్చుని జెట్టు చేయాలనుకునేవారికి స్టైరీన్ షీటు ఒక్కటి బయటి నుంచి తెప్పించుకుంటే చాలు, మిగతావి చుట్టూనే ఉన్నాయి. కాలం చెల్లిన ఏటీఎం కార్డు మందం ఎక్కడైనా 0.76 మిల్లీమీటర్లే. గట్టి పలక కావలసిన చోట అది బాగా పనిచేస్తుంది. అయితే అది పీవీసీ. స్టైరీన్‌ను కరిగించి కలిపే సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకోదు, ఫెవిక్విక్ రకం జిగురు కావాలి. సిరిసిల్ల సాంచెల మీద నేసే పాలిస్టర్ దారంలో కంటికి కనిపించీ కనిపించని పోగులెన్నో ఉంటాయి. విడదీసిన ఒక్క పోగు ఏంటెనా తీగకు సరిపోతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, నల్ల విజయ్‌లది సిరిసిల్లే. సన్నని పోగు విలువ ఆ ఊరికి చెప్పనక్కర్లేదు.

అంతకన్నా కాస్త లావు తీగ కావాలంటే కిట్ భాగాలను పట్టి ఉంచే చట్రపు ముక్క ఉంది. దాన్ని కొవ్వొత్తి మంటకు కాస్త ఎగువన తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే మంట నుంచి తప్పించి రెండు చేతులతో లాగాలి. మెల్లగా లాగితే లావు తీగ, వేగంగా లాగితే వెంట్రుక. కరీంనగర్ ఫిలిగ్రీ పనివారు వెండిని కమ్మెచ్చు రంధ్రాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా లాగి సన్నం చేస్తారు. ఇక్కడ ఏ రంధ్రమూ లేదు, కొలత అంతా చేతి వేగంలోనే ఉంది. పది లాగితే ఒకటి సరైనది వస్తుంది.

జెట్టు మోడల్‌లో అన్నిటికన్నా ఎక్కువ పని కోరేవి దాని రెండు రంధ్రాలు: గాలి పోయే తూము, మంట వచ్చే గొట్టం. చాలా కిట్లలో గాలి తూము కొంచెం లోపలికి పోగానే గోడ తగులుతుంది. అసలు నాట్‌లో రెండు పక్కల తూములూ లోపల కలిసి ఆర్ఫియస్ ఇంజన్ ముందు చేరతాయి. ఆ వంపు కనిపించాలంటే లోపలి సొరంగాన్ని విడిగా కట్టాలి. వేడినీళ్లలో మెత్తబరిచిన పలచని షీటును చెక్క దిమ్మ మీద వంచి రెండు సగాలుగా చేసి కలుపుతారు. లోపలి అతుకును ఏ ఆకురాయీ అందుకోలేదు. దానికి చక్కని ఉపాయం ఉంది. సొరంగం ఒక కొస మూసి, తెల్ల రంగు నిండా పోసి, కాసేపాగి ఒంపేస్తారు. రంగు అతుకుల్లో చేరి ఆరి, లోపలంతా ఒకే గొట్టంలా నునుపవుతుంది. వెనక మంట గొట్టానికి చల్లని పానీయాల డబ్బా అల్యూమినియం రేకును డ్రిల్లు బిట్టు కాడ చుట్టూ తిప్పితే సరి. రేకు పలచన కాబట్టి అంచు కూడా అసలు గొట్టంలాగే పలచగా వస్తుంది. ప్లాస్టిక్‌తో ఆ పలచన ఎప్పటికీ రాదు.

కాక్‌పిట్ అద్దపు కప్పు కిరణ్‌కు పెద్దది, ఇద్దరూ పక్కపక్కన కూర్చునేది కదా. దీనికి ముందు గట్టి కర్రతో దిమ్మ చెక్కాలి, కావలసిన కొలత కన్నా ప్లాస్టిక్ మందమంత తక్కువగా. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తేలిక, మెత్తన. రెక్కల లోపలి దిమ్మలకు బాగుంటుంది గానీ అద్దపు కప్పుకు పనికిరాదు. దాని పోగుల ముద్ర అద్దం మీద పడుతుంది. టేకు ముక్కను నున్నగా తీర్చి, పైన ఫెవిక్విక్ పూత పూసి మళ్లీ మెరుగు పెట్టాలి. ఆ దిమ్మను నీళ్ల సీసాలో దూర్చి బయట నుంచి హాట్ ఎయిర్ గన్‌తో కాస్తే సీసా ప్లాస్టిక్ ముడుచుకుని దిమ్మను కరుచుకుంటుంది. చల్లారాక కత్తిరించి తీస్తే కప్పు వస్తుంది. కిటికీలు తెరిచి చేయాలి, ప్లాస్టిక్ మాడనివ్వకూడదు.

ఒకే భాగం రెండు కావాలంటే, ఒకటి చెక్కి సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి రెజిన్ పోస్తారు. సీట్లు, చక్రాలు, రెక్క కింది ట్యాంకులు ఇలా వస్తాయి. ఆరిన రెజిన్‌ను అరగదీస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. తడిపి అరగదీయాలి, మాస్కు కట్టుకోవాలి. ఇప్పుడు త్రీడీ ప్రింటర్ కూడా ఉంది. 0.05 మిల్లీమీటర్ల పొరలతో అది సీటు బెల్టు బకిల్ దాకా ముద్రిస్తుంది. కానీ ప్రింటర్‌కూ గీత ఇవ్వాల్సింది మనిషే. పాత కొలతల పని అలాగే ఉంది, చేతిలోని బ్లేడు స్థానంలో కంప్యూటర్ మౌస్ వచ్చింది.

భాగాలు కలిపాక సందులు మిగులుతాయి. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడుస్తారు. ప్లాస్టిక్‌కు ఆ పని చేసేది పుట్టీ. థిన్నర్ కలిసిన కారు పుట్టీని ఒక్కసారిగా దట్టంగా మెత్తితే కింది ప్లాస్టిక్ కరిగి రెక్క వంకరపోతుంది. పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. ఈ దశలో తొందర పడితే వారాల పని పోతుంది.

కిరణ్‌కూ నాట్‌కూ ముందు ఒక చక్రపు కాలు, వెనక రెండు. ముక్కు తేలికైతే మోడల్ తోక మీద కూలబడుతుంది. కాబట్టి ముక్కు అతికించకముందే లోపల చేపల వలకు కట్టే సీసపు గుండ్లు జిగురుతో బిగించి, కలపని భాగాలను టేపుతో నిలబెట్టి బరువు చూసుకోవాలి. మూసేశాక సరిచేయడానికి దారి ఉండదు.

చివరికి బూడిద రంగు ప్రైమర్ చల్లుతారు. కిట్ ప్లాస్టిక్, తెల్ల స్టైరీన్, సూది ఉక్కు, డబ్బా రేకు, ఏటీఎం కార్డు, అన్నీ ఆ ఒక్క రంగు కిందికి వెళ్లాక మిగిలేది ఆకారమే. కంటికి కనిపించని గీతలు, గుంటలు, వంకరలు ప్రైమర్ మీద తేలతాయి. వాటిని అరగదీసి, మళ్లీ పుట్టీ పెట్టి, మళ్లీ ప్రైమర్ చల్లాలి. రెండుసార్లకు తక్కువ కాకుండా ఇలా సాగుతుంది. ప్రైమర్ కింద ఏ తప్పూ కనిపించని రోజున సూర్యకిరణ్ ఎరుపు, తెలుపు రంగులకు టేపు అంటించడం మొదలవుతుంది. ముందు తెలుపు వేస్తారు. ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీ ఛాయ తేలుతుంది.