ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పదమూడు భావనలు

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోస్తారు. ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం పక్కన చందమామ, దాని కింద గ్రూప్స్ గైడు, ఆ పక్కనే అట్ట చిరిగిన ఇంగ్లీషు నవల. లైబ్రరీలో అయితే ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ఒక బీరువా, ఒక అర ఉంటాయి. ఇక్కడ ఏ అరా లేదు. అయినా ఏళ్ల తరబడి వస్తున్న పాఠకుడు కుప్ప మీద ఒక చూపు వేసి దేనితో ఏది కలుస్తుందో పట్టేస్తాడు.

అరలు ముందే గీసి వస్తువులను వాటిలో కుక్కకుండా, వస్తువుల్లోంచే అరలను రాబట్టవచ్చా? డేటాబేస్‌ల నుంచి పనికొచ్చే జ్ఞానాన్ని వెలికితీసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఈ ప్రశ్నకు వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు కాన్సెప్ట్ లాటిస్. భావనల అల్లిక అనుకోండి. దాన్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితం మీద అయిదు అడ్డవరసలు, అయిదు నిలువు వరసలు చాలు.

కుప్పలోంచి అయిదు పుస్తకాలు తీద్దాం. ఒకటి బైండు చేసిన చందమామ: తెలుగు, బొమ్మలున్నాయి, పాతది. రెండోది సోవియట్ ప్రచురణ సంస్థలు ఒకప్పుడు మాస్కోలో అచ్చేసి పంపిన పిల్లల పుస్తకం: తెలుగు, బొమ్మలున్నాయి, పాతది, చవక కూడా. మూడోది తెలుగు మీడియం గ్రూప్స్ గైడు: తెలుగు, పరీక్షకు పనికొస్తుంది, చవక. నాలుగోది ఇంజనీరింగ్ పుస్తకం: బొమ్మలున్నాయి, పరీక్షకు పనికొస్తుంది. అయిదోది ఇంగ్లీషు నవల: పాతది, చవక. ఉన్న లక్షణానికి టిక్కు పెట్టండి, లేనిచోట ఖాళీ వదలండి. ఇదే మన డేటాబేస్.

ఇప్పుడు ఒక పని చేయాలి. కొన్ని పుస్తకాలు తీసుకుని వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణాలన్నీ రాయాలి. తర్వాత వెనక్కి వచ్చి, ఆ లక్షణాలన్నీ ఉన్న పుస్తకాలన్నీ తీయాలి. మొదట తీసుకున్న పుస్తకాలే, ఒక్కటి కూడా ఎక్కువా తక్కువా కాకుండా మళ్లీ చేతికొస్తే ఆ జంట ఒక భావన. చందమామనూ సోవియట్ పుస్తకాన్నీ తీసుకుంటే ఉమ్మడి లక్షణాలు తెలుగు, బొమ్మలు, పాతదనం. ఆ మూడూ ఉన్నవి మళ్లీ ఆ రెండే. భావన నిలిచింది. చందమామనూ గైడునూ తీసుకుంటే ఉమ్మడిగా మిగిలేది తెలుగు ఒక్కటే. వెనక్కి వస్తే సోవియట్ పుస్తకం కూడా వచ్చి చేరుతుంది. కనుక ఆ రెండిటి జత నిలవదు, మూడూ కలిస్తేనే నిలుస్తుంది.

తర్కశాస్త్రం పరిచయమున్నవారికి ఇది కొత్తగా ఉండదు. పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహం, దాని మీద ఆయనే రాసిన దీపిక తరతరాల విద్యార్థులకు మొదటి పాఠాలు. ఆవుకు కొమ్ములుంటాయని లక్షణం చెబితే అది గేదెకూ వర్తిస్తుంది, అతివ్యాప్తి. ఆవు కపిలవర్ణంలో ఉంటుందంటే తెల్లావు తప్పిపోతుంది, అవ్యాప్తి. లాటిస్‌లో చోటు దొరికే ప్రతి జంటా, ఆ పట్టిక మేరకు, ఈ రెండు దోషాలూ లేనిది. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో గణితవేత్త రుడాల్ఫ్ విల్లే 1982లో ఈ శాస్త్రానికి పునాది వేసినప్పుడు ఆధారపడింది యూరప్ తర్క సంప్రదాయం మీద. 1662 నాటి పోర్ట్ రాయల్ తర్కగ్రంథం భావనకు వ్యాప్తి (దాని కిందికి వచ్చే వస్తువులు), లక్షణాలు అని రెండు ముఖాలు చూపింది. ఇక్కడి తర్కపండితులూ అక్కడి తర్కపండితులూ ఒకే ఇబ్బందితో తలపడ్డారన్నది నాకు గొప్పగా అనిపిస్తుంది.

అయిదు లక్షణాలను కలపగల తీరులు 32. మన పట్టికలో వాటిలో భావనలుగా నిలిచేవి 13 మాత్రమే. వాటిని చుక్కలుగా పెట్టి, పెద్ద గుంపును పైనా చిన్న గుంపును కిందా ఉంచి గీతలతో కలిపితే లాటిస్ తయారవుతుంది. అందులో సోవియట్ పుస్తకం చుక్క నుంచి పైకి మూడు గీతలు వెళతాయి: పాత బొమ్మల తెలుగు పుస్తకాలకు ఒకటి, చవక తెలుగు పుస్తకాలకు ఒకటి, చవక పాత పుస్తకాలకు ఒకటి. లైబ్రరీ బీరువాలో అది ఒక్క చోటే ఉండగలదు. ఇక్కడ మూడు అరల్లోనూ ఒకేసారి ఉంది. చెట్టుకొమ్మల్లా విడదీసే వర్గీకరణలన్నిటికన్నా లాటిస్ మెరుగని నేననడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంకొకటి చూడండి. పట్టికలో తెలుగూ బొమ్మలూ ఉన్న ప్రతి పుస్తకమూ పాతదే. ఈ సంగతి ఏ గడిలోనూ రాసి లేదు, అల్లికలోంచి బయటపడింది. వ్యాపార సంస్థలు ఇలాంటి సూత్రాల కోసమే బిల్లుల కుప్పలు తవ్వుతాయి. 1993లో ఐబీఎంలో రాకేశ్ అగ్రవాల్ తన సహచరులతో కలిసి అందుకు దారి వేశాడు. చిక్కల్లా ఆ దారిలో సూత్రాలు వేలకు వేలు వచ్చిపడటం. 1999లో ఫ్రాన్స్ పరిశోధకులు అన్ని కలయికల జోలికీ పోనక్కర్లేదని, భావనలుగా నిలిచే కలయికల్లోనే సమాచారమంతా ఉందని చూపించారు.

ఇప్పటిదాకా టిక్కు పెట్టాం, లేదా ఖాళీ వదిలాం. లోకం అలా ఉండదు. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి గది వెతుక్కునే ప్రయాణికుణ్ణి తీసుకోండి. అతనికి స్టేషన్‌కు దగ్గర్లో లాడ్జి కావాలి. దగ్గర అంటే 500 మీటర్లలోపు అని ప్రోగ్రాములో రాస్తే 490 మీటర్ల దూరంలోని లాడ్జి జాబితాలో ఉంటుంది, 510 మీటర్లది ఎగిరిపోతుంది. సంచులు మోసుకుంటూ నడిచేవాడికి ఆ ఇరవై మీటర్ల తేడా తెలియనే తెలియదు. గది శుభ్రంగా, చవగ్గా ఉండాలన్న కోరికల మీదా ఇలాగే కత్తెర పడితే, అన్నిటా ఒక వీసం తప్పిన మంచి లాడ్జి అతని కంట పడకుండానే పోతుంది.

బాకూలో పుట్టి అమెరికాలోని బర్క్‌లీలో పాఠాలు చెప్పిన లోట్ఫీ జాదే 1965లో దీనికి విరుగుడు చెప్పాడు. ఒక గుంపులో చేరడమంటే ఉండటం, లేకపోవడం అని రెండే కానక్కర్లేదు. 0 నుంచి 1 వరకు ఎంతైనా ఉండవచ్చు. ఫజీ లాజిక్‌కు పునాది ఇదే. 510 మీటర్ల లాడ్జి 0.7 మేరకు దగ్గర అనుకోండి. ఇది సంభావ్యత కాదు. పదిసార్లు కొలిస్తే ఏడుసార్లు దగ్గరగా వస్తుందని అర్థం కాదు. దూరం ఖాయంగా తెలుసు, దగ్గర అన్న మాటకు అది ఎంత తగుతుందన్నదే ఆ అంకె. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు కాబట్టి ఇంత చెప్పాల్సి వచ్చింది.

1994లో స్పెయిన్‌లో బురుస్కో, ఫుయెంతెస్ గొన్సాలెస్ ఈ రెండు ఆలోచనలనూ కలిపి ఫజీ లాటిస్‌ను నిర్వచించారు. మన పట్టికకు వద్దాం. టిక్కులు చెరిపి అంకెలు వేద్దాం, ఇవి ఉదాహరణ కోసం నేను వేసినవే. బొమ్మల విషయంలో చందమామకు 0.9, సోవియట్ పుస్తకానికి 0.8, గైడుకు 0.2. పాతదనంలో వరుసగా 0.8, 0.7, 0.3. మూడూ పూర్తిగా తెలుగువి. తెలుగులో ఉండి బొమ్మలుంటే పాతదే అన్న సూత్రం ఎంతవరకు నిజం? ఒక్కో పుస్తకంలో షరతు ఎంత మేరకు ఉందో, పాతదనం దానికి ఎంత తగ్గిందో చూసి ఆ లోటును 1 లోంచి తీసేయాలి. చందమామకు 0.9 నుంచి 0.8కి లోటు 0.1, మిగిలింది 0.9. సోవియట్ పుస్తకానికీ 0.9 వచ్చింది. గైడుకు లోటు లేదు, 1. తెలుగువి కాని రెండిటికీ షరతే వర్తించదు, వాటికీ 1. అన్నిటికన్నా తక్కువ అంకె తీసుకుంటే సూత్రానికి 0.9. ఇందాక టిక్కులతో చూసినప్పుడు పూర్తి నిజంలా కనిపించినది ఇప్పుడు తన అసలు బరువుతో కనబడింది.

ఎవరో వచ్చి మొన్న అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాన్ని కుప్పలో వేశారనుకోండి. బొమ్మలు 0.9, పాతదనం 0.1. లోటు 0.8, సూత్రం విలువ ఒక్క దెబ్బకు 0.2కి పడుతుంది. ఒక్క ప్రత్యుదాహరణకు ఇంత బలం ఉండటం లోపం కాదు. విల్లే సహచరుడు బెర్న్‌హార్ట్ గాంటర్ దీన్నే పనిముట్టుగా మార్చాడు. అతని పద్ధతిలో కంప్యూటర్ తనకు తోచిన సూత్రాన్ని నిపుణుడి ముందు పెట్టి, ఇది ఎప్పుడూ నిజమేనా అని అడుగుతుంది. అవునంటే రాసుకుంటుంది, కాదంటే ఒక ఉదాహరణ ఇమ్మంటుంది. ఆబిడ్స్‌లో ఇరవై ఏళ్లుగా పుస్తకాలు అమ్ముతున్న మనిషి ఆ నిపుణుడి కుర్చీలో కూర్చుంటే, మన అయిదు పుస్తకాల సూత్రాల్లో చాలావాటిని నిమిషాల్లో కొట్టేస్తాడు. అతనికి తెలిసినది పట్టికలోకి ఎక్కే దారి అదే.

ఇంత మంచి పద్ధతి ప్రతి ఆఫీసులోనూ ఎందుకు లేదంటే, లాటిస్ పెరిగే వేగం భయంకరం. అయిదు లక్షణాలకు 32 కలయికలైతే ఇరవై లక్షణాలకు పది లక్షలు దాటతాయి. వాటిలో భావనలుగా నిలిచేవి కొన్నే అయినా బొమ్మ గీయలేనన్ని ఉంటాయి. వెల్లూరు విఐటిలో పనిచేసే చెరుకూరి అశ్వనీకుమార్, ఎస్. శ్రీనివాస్‌తో కలిసి 2010లో ఈ చిక్కు మీద ఒక పత్రం ప్రచురించారు. వాళ్లు ఫజీ కె-మీన్స్ అనే పద్ధతితో ఒకేలాంటి వరసలను గుంపులుగా కూర్చి, పట్టికను కుదించి, ఆ తర్వాత లాటిస్ గీశారు. ఫజీ గుంపుల్లో ఒక వరస కొంత ఇటూ కొంత అటూ ఉండవచ్చు కనుక, సరిహద్దులో ఉన్నవాటిని బలవంతాన ఒక పక్కకు నెట్టాల్సిన పని లేదు. సమాచారాన్ని వెతికి తీయడంలో, దాన్ని బొమ్మగా చూపడంలో ఆ పద్ధతిని వాడి చూపారు.

కుదింపులో ఏదో ఒకటి పోక తప్పదు. ఏది పోవచ్చు? మాస్కో పరిశోధకుడు సెర్గీ కుజ్నెత్సోవ్ 1990లో ఇచ్చిన కొలత ఇక్కడ బాగా పనికొస్తుంది. భావనలోని పుస్తకాల్లో కొన్నిటిని తీసేసినా లక్షణాల జాబితా మారకపోతే అది స్థిరమైన భావన. చందమామ, సోవియట్ పుస్తకాల జంటలో ఉంచడం, తీయడం నాలుగు రకాలుగా జరగవచ్చు. రెండూ ఉన్నా, చందమామ ఒక్కటే మిగిలినా జాబితా మారదు. సోవియట్ పుస్తకం ఒక్కటే మిగిలితే చవక అన్న లక్షణం అదనంగా వచ్చి చేరుతుంది. రెండూ పోతే అడ్డు చెప్పే పుస్తకమే లేక అయిదు లక్షణాలూ వచ్చిపడతాయి. నాలుగింట రెండు, అంటే స్థిరత్వం 0.5. సోవియట్ పుస్తకమూ గైడూ కలిసిన చవక తెలుగు పుస్తకాల భావన రెండూ ఉంటేనే నిలుస్తుంది, దాని స్థిరత్వం 0.25. కత్తెర వేయక తప్పనప్పుడు ముందు పోయేవాటిలో చవక తెలుగు పుస్తకాలు ఉంటాయి. పాత బొమ్మల తెలుగు పుస్తకాలు ఇంకొన్నాళ్లు నిలుస్తాయి.