నెత్తుటి కణముపై నొక తలుపు

కృష్ణా తుంగభద్రల నడుమ నొదిగియున్న నడిగడ్డలో, ఇటిక్యాల చుట్టుపట్టుల పల్లెలలో, చలిజ్వర మను మాటకు అర్థము చెప్పవలసిన పనిలేదు. వానలు చాలని యేడుల ఆనకట్టల పనులకును, పట్టణములలో భవనముల పనులకును దూరప్రాంతములకు బోయిన పాలమూరు కూలీలు, పండుగకు ఇల్లు చేరునప్పుడు కూలిడబ్బుతోపాటు ఆ జ్వరమును గూడ వెంటదెచ్చుకొనుట మన పల్లెల పాత దుఃఖము. రెండు గొంగళ్ళు కప్పినను ఆగని వణుకు, పిమ్మట నిప్పుకణికవంటి వేడి, తుదకు చెమట. మరునాడు మనిషి లేచి పనికి బోవును. ఆ మరునాడు మరల అదే వణుకు. ఇది వైవాక్స్ మలేరియా నడక.

దోమ సంగతి మన సికిందరాబాదుననే తేలినది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ కథ బడిపిల్లలకును తెలిసినదే. అయితే, దోమకాటుతో దేహము చొచ్చిన వైవాక్స్ క్రిమి ఎర్రకణము లోనికి ఏ దారిన దూరునను ప్రశ్నకు సమాధానము దొరకుటకు మరి దాదాపు 80 ఏండ్లు పట్టినది. ఆ సమాధానమునకు మొదలు మలేరియాతో నేమాత్రము సంబంధము లేనిచోట నున్నది.

1950లో ఇంగ్లండున, గాయమైన నెత్తురు గడ్డకట్టని వ్యాధితో బాధపడుచు, పలుమారులు పరుల రక్తమెక్కించుకొన్న డఫీ అను రోగి నెత్తుటిలో, అంతవరకు ఎవరును చూడని యొక ప్రతిరక్షకము కనబడెను. దాని వలన తెలియవచ్చిన రక్తవర్గమునకు ఆయన పేరే నిలిచినది. అయిదేండ్లకు మరియొక వింత బయటపడెను: అమెరికాలోని నల్లజాతి ప్రజలలో ననేకుల ఎర్రకణములపై ఈ డఫీ గుర్తు బొత్తిగా లేదు. 1968లో రోజర్ డొనాహ్యూ అను విద్యార్థి, తన దేహమందలి మొదటి క్రోమోసోము రూపములోని భేదమును ఆధారముగా గొని, తన బంధువుల రక్తమును పరిశీలించి, డఫీ జన్యువు ఆ క్రోమోసోము మీదనే యున్నదని చూపెను. లింగభేదమును నిర్ణయించు క్రోమోసోములు గాక తక్కినవానిలో మానవ జన్యువొకదాని స్థానము గుర్తింపబడుట అదియే ప్రథమము. 1975, 76లలో లూయిస్ మిల్లర్ బృందము, డఫీ గుర్తు లేని కణములలోనికి వైవాక్స్ క్రిమి చొరజాలదని నిరూపించెను. క్రిమి తలుపుతట్టు చోటు అదియే.

తన శత్రువు కొరకు దేహమేల తలుపు కట్టుకొనును? 1993లో దీనికి సమాధానము వచ్చెను. గాయమైనచోట, చీముపట్టినచోట కణములు విడుదల చేయు చిన్న ప్రోటీనులకు కీమోకైనులని పేరు. ఊరిలో గడ్డివామి అంటుకొన్నప్పుడు కేకలు విని జనము బిందెలతో పరుగెత్తి వచ్చినట్లు, తెల్లకణములు ఆ జాడ పట్టి వచ్చును. డఫీ ప్రోటీను ఆ కీమోకైనులను పట్టుకొను గ్రాహకము. 336 అమైనో ఆమ్లముల గొలుసుగా, కణపు పొరను ఏడుమారులు కుట్టినట్లు అటునిటు దాటియుండును. తక్కిన గ్రాహకములవలె ఇది వార్తను కణము లోపలికి చేరవేయదు. ఎర్రకణముపై నుండి నెత్తుటిలో మిగిలిన కీమోకైనులను పట్టియుంచును, సన్నని సిరల గోడలలో నుండి వానిని ఆవలి ఒడ్డునకు దాటించును. శాస్త్రజ్ఞులు నేడు దీనిని ఏసీకేఆర్1 అని వ్యవహరింతురు.

నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచిన విషయము 1995లో తెలిసినది. డఫీ గుర్తు లేనివారిలో జన్యువు చెడిపోలేదు. జన్యువునకు ముందున్న భాగములో, ఎముకల మజ్జయందు ఎర్రకణములు తయారగునప్పుడు దానిని మేల్కొల్పు చోట, జన్యులిపిలో ఒక్క అక్షరము మారినది, అంతే. ఎర్రకణమున జన్యువు నిదురించును, అదే మనిషి సిరల గోడలలో మెలకువతో పనిచేయును. పశ్చిమాఫ్రికాలో నూటికి 95 మందికి పైగా ఇట్టివారే.

ఇక ఆఫ్రికావారి జాడ పట్టి, కృష్ణ దాటి వనపర్తికి పోవుదము. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దములో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతివారితో నొక రౌతుల దళమును కూర్చెను. తరువాత అది నిజాము కొలువు చేరెను. ఆ దళము పేరుననే హైదరాబాదులోని ఏసీ గార్డ్సు పేట నేటికిని పిలువబడుచున్నది. మన దేశమందలి ఆఫ్రికా సంతతివారైన సిద్దీల పూర్వులు బంటూ భాషల జనులనియు, ఇచ్చటివారితో వారి సాంకర్యము సుమారు 200 ఏండ్ల క్రిందట జరిగెననియు 2011లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలతో తేల్చిరి. బంటూ జనులలో ఆ అక్షరభేదము సర్వసాధారణము గనుక, వనపర్తి రౌతులలో ననేకులు మూసిన తలుపులతోనే కృష్ణాతీరమునకు వచ్చిరని నేను నమ్ముచున్నాను. తలుపులు తెరచియున్న మన పల్లె జనమును, వారును ఒకే దోమల నడుమ బ్రదికిరి.

ఈ రక్షణ సంపూర్ణము కాదు. ఫాల్సిపారమ్ అను క్రూరతర క్రిమికి వేరు ద్వారములున్నవి. డఫీ గుర్తు లేనివారికిని వైవాక్స్ సోకిన సంగతి 2010లో మడగాస్కరు నుండి వెల్లడియైనది. మన ప్రాంతపు కూలీకి దిక్కు మందే: కాలేయములో దాగి నెలల పిమ్మట మరల లేచు వైవాక్స్ క్రిమిని చంపుటకు ప్రిమాక్విన్ మాత్రలను, వైద్యుడు చెప్పినట్లు, సాధారణముగా 14 దినములు, జ్వరము తగ్గినను విడువక మ్రింగవలెను.

తలుపులు లేని ఆ వనపర్తి రౌతులలో నొకడు ఇచ్చటి పిల్లను పెండ్లాడెననుకొనుడు. వారి బిడ్డకు ఆ జన్యువు నకలు ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. వాని ఎర్రకణములపై తలుపులు తల్లికున్నవానిలో సగము. అట్టివా రిద్దరు పెండ్లాడినయింట, ఒకే చాపపై నిదురించు అన్నదమ్ములలో నొకనికి తలుపులన్నియు నుండవచ్చును, మరియొకనికి ఒక్కటియు లేకపోవచ్చును. కాలువగట్టు నుండి వచ్చిన దోమ ఇద్దరిని కుట్టును, దినము విడిచి దినము వణకువాడు మాత్రము సాధారణముగా మొదటివాడే.