టెర్మినల్ హ్యాంగ్ అయితే వెంటనే పవర్ బటన్ నొక్కొద్దు: కెర్నల్‌లో తాళాల చిక్కు ఎలా విప్పుతారు?

కంప్యూటర్ హ్యాంగ్ అయిందంటే చాలామంది మొదట చేసే పని పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. ఇంట్లో మామూలుగా వాడే ల్యాప్‌టాప్‌కి అది నడిచిపోతుంది. కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారు చేసేవాళ్లకు అదే పెద్ద నష్టం. ఏ పని ఎక్కడ ఆగింది, ఏ తాళం ఎవరి దగ్గర ఉండిపోయింది అనే సాక్ష్యమంతా ఆ సమయంలో మెమరీలోనే ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది.

ఇంజనీరింగ్, బీసీఏ, ఎంసీఏ చదివే పిల్లల్లో కొందరు లినక్స్ కెర్నల్ మీద ప్రాజెక్టులు చేస్తుంటారు. గంటల తరబడి కదలని నల్ల స్క్రీన్ ముందు కూర్చున్న అబ్బాయినో అమ్మాయినో చూసి ఇంట్లోవాళ్లకు టైమ్ వేస్ట్ అనిపించవచ్చు. ఆ సమయంలో జరుగుతున్నది ఒక విచారణ. అదెలా సాగుతుందో చూద్దాం.

కెర్నల్, టెర్మినల్ అంటే ఏమిటి?

ప్రోగ్రాములకూ, ప్రాసెసర్, మెమరీ, డిస్కులకూ మధ్య నిలబడి అందరికీ పని పంచిపెట్టే అసలు భాగమే కెర్నల్. చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా లినక్స్ కెర్నలే. కొత్త వెర్షన్ బయటికి రాకముందు కొన్ని వారాల పాటు దాదాపు వారానికొకటి చొప్పున 'ఆర్‌సీ' అనే పరీక్ష వెర్షన్లు విడుదలవుతాయి. తప్పులు అక్కడే దొరకాలి. దొరక్కపోతే అవి జనం వాడే యంత్రాల్లోకి వెళ్తాయి.

కమాండ్లు టైప్ చేసే స్క్రీనే టెర్మినల్. కెర్నల్‌లో దీన్ని చూసుకునే భాగాన్ని టీటీవై అంటారు. పాత రోజుల టెలిటైప్ యంత్రం నుంచి వచ్చిన పేరది. ఈ భాగం చాలా పాతది, చాలా చిక్కుముడులున్నది. కీబోర్డు నొక్కడం, అక్షరాలు చూపించడం, విండో మూసినప్పుడు లోపలి ప్రోగ్రాముకు చెప్పడం ఇవన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టకుండా కోడ్‌లో తాళాలు పెడతారు. వాటినే లాక్‌లు అంటారు.

రెండు తాళం చెవుల కథ

ఇంట్లో ఒక బీరువా, అందులో ఒక లాకర్ ఉన్నాయనుకోండి. నగ తీయాలంటే రెండు తాళం చెవులూ కావాలి. భాయిజాన్ బీరువా చెవి పట్టుకుని లాకర్ చెవి కోసం ఎదురుచూస్తున్నాడు. తమ్ముడు లాకర్ చెవి పట్టుకుని బీరువా చెవి కోసం ఎదురుచూస్తున్నాడు. ఎవరూ చేతిలోది వదలరు. గొడవ లేదు, చప్పుడు లేదు, ఇద్దరూ అలాగే నిలబడిపోతారు. దీన్నే డెడ్‌లాక్ అంటారు.

పరిష్కారం చాలా చిన్నది. ఎవరైనా సరే ముందు బీరువా చెవే తీసుకోవాలి, తర్వాతే లాకర్ చెవి. ఈ వరస అందరూ పాటిస్తే చిక్కు పడదు. కష్టమల్లా లక్షల లైన్ల కోడ్‌లో ఈ వరస ఎక్కడ తప్పిందో కనిపెట్టడమే.

2012లో ఏం జరిగింది?

ఒకప్పుడు లినక్స్‌లో 'బిగ్ కెర్నల్ లాక్' అని ఒకే పెద్ద తాళం ఉండేది. 1996లో వచ్చిన 2.0 వెర్షన్‌తో అది మొదలైంది. దాన్ని పూర్తిగా తీసేయడానికి 2011 దాకా, అంటే 2.6.39 వెర్షన్ దాకా పట్టింది. చివరిదాకా ఇబ్బంది పెట్టిన భాగాల్లో టీటీవై ఒకటి. అక్కడ పాత తాళం బదులు టెర్మినళ్లన్నిటికీ కలిపి వేరే ఒక పెద్ద తాళం పెట్టారు.

తర్వాత అలన్ కాక్స్ అనే సీనియర్ డెవలపర్ ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో తాళం ఉండేలా మార్పులు రాశారు. 2012లో 3.5 వెర్షన్ తయారవుతున్నప్పుడు అవి కెర్నల్‌లో చేరాయి. ఆలోచన మంచిదే. కానీ మార్పు ఇంకా సరిగ్గా కుదరలేదని, లోతైన మరమ్మతు కావాలని తేలింది. జూన్ మొదట్లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ మార్పుల వరసనంతా వెనక్కి తీసేశారు. జూలైలో 3.5 వెర్షన్ పాత పెద్ద తాళంతోనే విడుదలైంది. సరిదిద్దిన మార్పులు అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్‌లో చేరాయి.

టెర్మినల్ విండోకు లోపల రెండు కొనలుంటాయి. ఒకటి విండో వైపు, ఇంకొకటి కమాండ్లు నడిపే షెల్ వైపు. కొన్ని పనులకు రెండు కొనల తాళాలూ ఒకేసారి కావాలి. 3.7లో దానికి పెట్టిన నియమం ఇది: మెమరీలో ఏ కొన చిరునామా చిన్నదో దాని తాళమే ముందు తీసుకోవాలి. బీరువా చెవి ముందు, లాకర్ చెవి తర్వాత అన్నట్టే.

విచారణ ఎలా మొదలవుతుంది?

మొదటి ప్రశ్న: అసలు హ్యాంగ్ అయిందా? పొరపాటున కంట్రోల్‌తో పాటు ఎస్ నొక్కితే టెర్మినల్ అక్షరాలు చూపించడం ఆపేస్తుంది. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. ఇది తప్పు కాదు, పాత సౌకర్యం. దీన్ని చూసి కెర్నల్ పాడైందనుకుని రీబూట్ చేసినవాళ్లకు కొదవ లేదు.

రెండో ప్రశ్న: ఎంత వరకు ఆగింది? వేరే కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే జవాబు వస్తోందంటే కెర్నల్‌లో కొంత భాగమైనా బతికే ఉంది. నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అవ్వగలిగితే ఇంకా మంచిది. ఆగింది ఒక టెర్మినలే తప్ప యంత్రం మొత్తం కాదని అర్థం.

మూడో ప్రశ్న: ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారు? దీనికి లినక్స్‌లో 'మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ' అనే ఏర్పాటు ఉంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ మీటలు పట్టుకుని డబ్ల్యూ నొక్కితే కదలకుండా ఇరుక్కున్న పనుల జాబితాను కెర్నల్ రాస్తుంది. ఎల్ నొక్కితే ఒక్కో ప్రాసెసర్ ఆ క్షణంలో ఏ పనిలో ఉందో చెబుతుంది. డి నొక్కితే ఏ తాళం ఎవరి దగ్గర ఉందో చెబుతుంది, కాకపోతే కెర్నల్ తయారు చేసేటప్పుడే తాళాల తనిఖీని ఆన్ చేసి ఉండాలి. చాలా సిస్టమ్‌లలో సిస్‌ఆర్‌క్యూను కొంతవరకు మూసి ఉంచుతారు, కాబట్టి పరీక్ష యంత్రంలో ముందే తెరిచిపెట్టుకోవాలి.

ఇక్కడే ఒక చిక్కు. ఆగిపోయింది టెర్మినలే అయినప్పుడు ఆ మాటలు కనిపించేదెక్కడ? అందుకే సీరియల్ కేబుల్ ద్వారా గానీ, నెట్‌కన్సోల్ అనే పద్ధతిలో నెట్‌వర్క్ ద్వారా గానీ కెర్నల్ సందేశాలు రెండో కంప్యూటర్‌కు చేరేలా ముందే ఏర్పాటు చేస్తారు. రెండో కంప్యూటర్ లేని విద్యార్థికి ఉచితంగా దొరికే క్యూఈఎంయూ చాలు. అది కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడుపుతుంది. లోపలిది ఇరుక్కుపోయినా, బయటి నుంచి జీడీబీ అనే డీబగ్గర్‌తో దాన్ని ఆపి, ఏ లైను దగ్గర నిలబడిందో చూడవచ్చు. ఖరీదైన మెషీన్ అక్కర్లేదు.

కెర్నలే చెప్పే సాక్ష్యం

కెర్నల్‌లో కాపలా ఏర్పాట్లు కూడా ఉన్నాయి. లేపడానికి వీల్లేని నిద్రలో ఒక పని 120 సెకన్లు దాటి ఉండిపోతే, మామూలు సెట్టింగులో హెచ్చరిక వస్తుంది. ఒక ప్రాసెసర్ సుమారు 20 సెకన్లు వేరే పనికి చోటివ్వకుండా ఒకేచోట తిరుగుతుంటే ఇంకో హెచ్చరిక వస్తుంది. మొదటి రకం వస్తే ఎవరో తాళం కోసం నిద్రలో ఎదురుచూస్తున్నారేమో వెతకాలి. రెండో రకం వస్తే తిరుగుతున్న కోడ్ కోసం వెతకాలి.

అన్నిటికన్నా గొప్పది 'లాక్‌డెప్'. ఇంగో మోల్నార్ రాసిన ఈ తనిఖీ 2006లో 2.6.18 వెర్షన్‌లో చేరింది. ఏ తాళం తర్వాత ఏ తాళం తీసుకున్నారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఒకచోట బీరువా, లాకర్ అనే వరస, ఇంకోచోట లాకర్, బీరువా అనే వరస కనిపించగానే చెప్పేస్తుంది. ఇద్దరు అన్నదమ్ములూ నిజంగా ఎదురుపడి ఇరుక్కోవాల్సిన పని లేదు. ప్రమాదం జరగకముందే హెచ్చరించడం దీని విలువ.

తప్పు ఏ మార్పుతో వచ్చింది?

కెర్నల్ కొత్త వెర్షన్‌లో 10 వేల మార్పులున్నాయనుకుందాం. అన్నీ చదవడం ఒకరి వల్ల కాదు. గిట్ బైసెక్ట్ మార్పుల జాబితాను సగానికి కోస్తుంది. సగం దగ్గరి కెర్నల్‌ను నడిపి మంచిదా, చెడ్డదా చెబితే మిగిలిన సగాన్ని మళ్లీ కోస్తుంది. ఇలా సుమారు 14 సార్లలో తప్పు తెచ్చిన మార్పు దొరుకుతుంది.

ఇక్కడ సబర్ కావాలి. డెడ్‌లాక్ ప్రతిసారీ రాదు. ఇద్దరూ ఒకే క్షణంలో చెరొక తాళం పట్టుకుంటేనే వస్తుంది. ఒక్కసారి నడిపి "బాగుంది" అని రాస్తే, మిగతా వెతుకులాటంతా తప్పుదారి పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు టెర్మినళ్లను వందలసార్లు తెరిచి మూసే చిన్న ప్రోగ్రామ్ రాసి, హ్యాంగ్ త్వరగా వచ్చేలా చేసుకుంటారు.

రీబూట్ ఎప్పుడు?

సందేశాలన్నీ రెండో చోట భద్రమయ్యాకే. అప్పుడు కూడా పవర్ బటన్ కాదు. సిస్‌ఆర్‌క్యూతో పాటు ఎస్ నొక్కితే రాయాల్సిన సమాచారం డిస్కుకు చేరుతుంది, యు నొక్కితే డిస్కులు చదవడానికి మాత్రమే అన్న స్థితికి మారతాయి, బి నొక్కితే యంత్రం మళ్లీ మొదలవుతుంది.

ఆ తర్వాత రిపోర్టు రాయాలి. ఏ వెర్షన్, ఏ సెట్టింగులు, ఏం చేస్తే హ్యాంగ్ వస్తోంది, పదిసార్లలో ఎన్నిసార్లు వస్తోంది, కెర్నల్ రాసిన మాటలు ఒక్క లైను కూడా కత్తిరించకుండా. బైసెక్ట్‌లో దొరికిన మార్పు పేరు కూడా ఉంటే ఇంకా మంచిది. విద్యార్థి రాసినా, పెద్ద కంపెనీ ఇంజనీర్ రాసినా ఇలాంటి రిపోర్టును కెర్నల్ డెవలపర్లు తీసుకుని చూస్తారు. 2012లో టీటీవై తప్పు పరీక్ష దశలోనే బయటపడింది కాబట్టే 3.5 వాడినవాళ్లకు అది అంటలేదు.