చేవ ఉన్న పాత సామాను

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్న సామెత మనుషుల సంగతిలో ఎంతవరకు నిజమో గాని, మన ఇళ్ళలోని కర్రసామాను విషయంలో మాత్రం అక్షరాలా జరుగుతున్నది. లోగిళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టుకునే ఈ రోజులలో తాతగారి భోషాణానికి, అమ్మమ్మగారి పందిరి మంచానికి చోటు కరువైంది. లిఫ్టులో పట్టదని ఒకరంటారు. నల్లులు చేరతాయని మరొకరంటారు. చివరకు పాత సామానులవాడు వచ్చి, తాను చెప్పిన ధరకే ఎత్తుకుపోతాడు. ఆ స్థలంలోకి రంపపు పొట్టును బంకతో అదిమి చేసిన పలకల బీరువా వస్తుంది. గోడ చెమ్మ తగిలిందంటే దాని అడుగు తడిసిన అట్టలా ఉబ్బిపోతుంది.

కాబట్టి అమ్మే ముందు ఆ పాత వస్తువును ఒక్కసారి తిరగేసి చూడండి.

చేవ అంటే...

మాను మధ్యలో ముదిరిన గట్టి భాగమే చేవ. దాని చుట్టూ లేతగా, తెల్లగా ఉండేది పొరచెక్క. మనిషిలోని సత్తాకు కూడా మనవాళ్ళు ఈ మాటనే వాడుకున్నారంటే, దానిమీద వారికి ఎంత గురి ఉండేదో ఊహించుకోవచ్చు. టేకు చేవలోని నూనె, టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదపురుగుకు గిట్టవు. అదే టేకులోని పొరచెక్కకు ఆ రక్షణ లేదు. రంగూను నుంచి ఓడలలో వచ్చిన పాత టేకు గాని, మన గోదావరి, ఆదిలాబాదు అడవుల టేకు గాని ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగిన మానులది. తోటలలో పెంచి త్వరగా కొట్టే లేత మానులో పొరచెక్క పాలు ఎక్కువ. పాత కుర్చీని వదిలించుకుని కొత్త టేకు కుర్చీ కొన్నవారు, ఎక్కువ డబ్బు పోసి తక్కువ చేవ ఇంటికి తెచ్చుకున్నా ఆశ్చర్యం లేదు.

పనితనం మాటకు వస్తే, 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు దంతం పొదిగి చేసిన సామాను నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

ముందు పరీక్ష

వస్తువు కింద నల్లని కాగితం పరచి వారం రోజులు కదపకుండా ఉంచండి. రంధ్రాల కింద పిండివంటి పొడి కొత్తగా రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. ఏమీ రాలకపోతే అవి బహుశా ఏనాటివో పాత గాయాలు. పురుగు సాధారణంగా పొరచెక్కనే తింటుంది. బాగా పొల్లుబారిన ముక్కను వడ్రంగిచేత కోయించి, వేరే ముక్క అతికించుకోవచ్చు. మిగిలిన చోట బొరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన నీరు పట్టించాలి. పాలిష్ తీసిన చెక్కలోకే ఆ నీరు ఇంకుతుంది.

నల్లులకని మంచాన్ని మండుటెండలో పడవేసే అలవాటు మనకున్నది. దానివల్ల చెక్క బీటలువారి, అతుకులు విడిపోతాయి. తుడిచిన తరువాత నీడపట్టున, గాలి తగిలేచోట ఆరబెట్టడమే మేలు.

మేకు కొట్టకండి

కుర్చీ ఊగగానే మేకు కోసం వెదకడం మన మగవాళ్ళకు మహా సరదా. మంచి పాత కుర్చీలో కుసి వెళ్ళి బెజ్జంలో కూర్చుంటుంది. దానికి అడ్డంగా మేకు దిగిందంటే కుసి చీలుతుంది. 1959లో ఫెవికాల్ రాకముందు వడ్రంగులు ఎక్కువగా తోలు, ఎముకలనుంచి తీసిన బంకను కాచి వాడేవారు. వేడినీటి గుడ్డ కాసేపు వేసి ఉంచితే అది మెత్తబడుతుంది. మెల్లగా కీలు విడదీసి, పాత బంకను శుభ్రంగా గీకి, కొత్త బంక పూసి, తాడు చుట్టి, చిన్న కర్రతో మెలిపెట్టి బిగించండి. ఒక పగలూ ఒక రాత్రీ దాని జోలికి పోకుండా ఉండటమే ఇందులో కష్టమైన పని!

మెరుగు

కనపడని మూల ఒకచోట స్పిరిటు చుక్క అద్ది చూడండి. జిగురుగా మెత్తబడితే అది లక్క పాలిష్. మోదుగ, రేగు కొమ్మలమీద లక్కపురుగులు పెట్టే లక్కనుంచే చపడా తయారవుతుంది. లీటరు స్పిరిటులో 150 గ్రాముల చపడా రాత్రంతా నానబెట్టి వడకట్టి, దూదిని మెత్తని గుడ్డలో చుట్టి పలుచగా అనేక పూతలు వేయాలి. కొత్త పూత పాత పూతను కరిగించుకుని దానితో కలిసిపోతుంది. కనుక పాతదంతా గీకివేయనక్కరలేదు. మురికి తుడిచి, సన్నని గరుకు కాగితంతో చెక్క గీతల వెంబడి ఒక్కసారి రాస్తే చాలు. ముసురు రోజులలో ఈ పని పెట్టుకోకండి, పూత తెల్లబారుతుంది. లక్క ఇంటి కథ తెలిసిన మనకు దీపమూ పొయ్యీ దూరంగా ఉంచమని వేరే చెప్పాలా?

రంగు వేసిన సామాను సంగతి వేరు. పాత ఎనామెల్ రంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2016లో గాని రాలేదు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి, నోటిలోకి పోతుంది. రంగు గట్టిగా పట్టి ఉంటే అలాగే ఉంచి, పైన కొత్త పూత వేయడం క్షేమం. తీయక తప్పకపోతే తడిపి, ఆరుబయట, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుని తీయాలి. పిల్లలను ఆ దరికి రానీయకూడదు.

కొత్త కొలువు

బాగుచేసి మూలన పెడితే మళ్ళీ దుమ్మే. ప్రతి వస్తువుకూ ఒక పని చూపాలి. భోషాణంలో దుప్పట్లు, పరుపులు పెట్టుకుని, పైన మెత్త వేస్తే నలుగురు కూర్చుంటారు. అయితే పిల్లలున్న ఇంట దాని గడియ తీసివేయండి. లోపల దాక్కుంటే ఊపిరాడదు. పందిరి మంచం కోళ్ళను రంపంతో కోయించకండి. పందిరి భాగం ఊడివచ్చేదైతే విప్పి, మంచం కిందనే దాచండి. పాత కలప అడితీలో దొరికే తలుపుకు నాలుగు కాళ్ళు పెడితే భోజనాల బల్ల అవుతుంది. రంపం పెట్టేముందు సూదంటురాయితో తడిమి, దాగిన మేకులు తీయించండి. ఇలాంటి బల్లకు మాత్రం లక్క పనికిరాదు. వేడి కాఫీ గ్లాసు పెట్టినచోటల్లా తెల్లని చక్రం పడుతుంది. దానిమీద అద్దం వేయించండి.

పని అంతా పూర్తయ్యాక ఒక చిన్న చీటీమీద ఆ వస్తువును ఎవరు చేయించారో, ఏ ఊరిదో, మీరు ఏ ఏట ఏమేమి బాగుచేయించారో రాసి అడుగున అతికించండి. మీ మనుమలు దానిని అమ్మాలనుకున్ననాడు తిరగేసి చూస్తారు గదా!