పార్కులో కొట్టిన మందు పేరేంది?

మా ఊర్లో ఎవురన్నా చేన్లో మందు కొడ్తా కొడ్తా కళ్లు తిరిగి పడిపోతే, ఒకరు మనిషిని బండెక్కిస్తారు, ఇంకొకరు గట్టు మీది డబ్బా కోసం ఉరుకుతారు. ఆస్పత్రిలో అడిగే మొదటి మాట అదే మరి: ‘ఏం మందు? డబ్బా తెచ్చినారా?’

ఆ మాట ఊరికే అడగరు. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటి పురుగు మందయితే అట్రోపిన్ ఇంజక్షన్ ఉండాది. పారాక్వాట్ అనే గడ్డిమందయితే దానికి విరుగుడే లేదు, ఆక్సిజన్ పెట్టేది కూడా చూసి చూసి పెట్టాల. గ్లైఫోసేట్ అయితే ఇంకో దారి. మూడూ మనకు ‘మందే’. డాక్టరుకు మాత్రం మూడు వేరే వేరే రోగాలు.

ఇంక పార్కు సంగతికి వస్తా. నేను ఆళ్లగడ్డ పక్క పల్లెటూరోన్ని. పని మీద శిరివెళ్ల మీదుగా నంద్యాలకు పోతా వస్తా ఉంటా, మిగతా టౌన్లు కూడా తిరుగుతా. పోయిన వానాకాలం ఒక టౌన్లో (ఏదని అడగొద్దు) మా అక్క కొడుకును పార్కుకు తీసుకపోయినా. ఒక పెద్దాయన వీపుకు ట్యాంకు తగిలించుకొని, కాళ్లకు హవాయి చెప్పులతో, మూతికి తుండుగుడ్డ కట్టుకొని గడ్డి మీద కొడ్తాండాడు. నాలుగు బారల దూరంలో పిల్లోళ్లు జారుడుబండ ఆడుకుంటాండారు.

‘చిన్నాయనా, ఏం మందు అది?’

‘గడ్డిమందు నాయనా.’

‘పేరేంది?’

‘నాకేం తెలుసు? నీళ్ల బాటిల్లో పోసిచ్చినారు, కలిపి కొట్టమన్నారు.’

పిల్లోనికి ఏమీ కాలేదు, ఇంటికి తీసుకపోయి కాళ్లూ చేతులూ సబ్బుతో కడిగించినాం. అయ్యింటే మాత్రం, డబ్బా యాడుందని డాక్టరు అడిగితే నేనేం చెప్పేవాన్ని? నాకన్నా ఆ పెద్దాయన సంగతే ఎక్కువ భయం. నేను గంట సేపుంటా, ఆయన రోజూ అదే పని.

మనకు విషం కొత్త కాదు. నంద్యాలలో వందేళ్లకు పైగా నడుస్తాండే వ్యవసాయ పరిశోధన స్థానం ఉండాది. కేసీ కాలువ కింద వరి, నల్లరేగడిలో పత్తి చేసేటోళ్లకు మందుల పేర్లు నోటికొస్తాయి. చేన్లో కొట్టేది మనమే కొంటాం, మనమే కలుపుతాం. డబ్బా మీద డైమండ్ గుర్తు చూసి లెక్క తెలుసుకుంటాం. దాని కింది సగం ఎరుపయితే అన్నిటికన్నా ఘోరమైన విషం, పసుపయితే దాని తర్వాతది, నీలం మధ్యరకం, పచ్చ తక్కువ రకం. డబ్బాతో పాటు మన భాషలో కరపత్రం ఉండాలని, కొట్టే మనిషికి రక్షణ బట్టలు ఇయ్యాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాలే చెప్తాండాయి. చేన్లో ఇంత తెలిసిన మనం టౌన్ పార్కులోకి పోతే ఏమీ తెలీని మనుషులమైపోతాం.

గ్లైఫోసేట్ సంగతి కొంచెం నిదానంగా చెప్పాల. మన దేశంలో దీనికి అనుమతి ఉండేది తేయాకు తోటలకు, పంట లేని జాగాలకు. పార్కు పంట లేని జాగానే కదా! 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ‘క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండే’ జాబితాలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం అట్ల కాదంటాది. ఆ పంచాయితీ ఇంకా తెగలే. 2022 అక్టోబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం, పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉన్నోళ్లు తప్ప ఇంకెవరూ దీన్ని వాడగూడదని ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద కంపెనీల వాళ్లు కోర్టుకు పోయినారు.

ఈ మందు పేరు లోకమంతా మోగింది పొలం నుంచి కాదు, బడి నుంచి. కాలిఫోర్నియాలో బెనీషియా అనే ఊర్లో డివేన్ జాన్సన్ బడి ఆవరణల్లో గడ్డిమందు కొట్టే ఉద్యోగి. ఒకసారి ట్యాంకు కారి ఒళ్లంతా తడిసిపోయిందని ఆయన కోర్టులో చెప్పినాడు. 2014లో రక్తానికి సంబంధించిన క్యాన్సర్ బయటపడింది. 2018 ఆగస్టులో జ్యూరీ మోన్‌శాంటో కంపెనీ 28.9 కోట్ల డాలర్లు కట్టాలనింది. తర్వాత పై కోర్టుల్లో తగ్గి తగ్గి 2 కోట్ల డాలర్ల చిల్లరకు వచ్చింది. మందు ప్రమాదకరం కాదని కంపెనీ ఇప్పటికీ వాదిస్తాంది. జ్యూరీ ముఖ్యంగా పట్టుకున్నది ఏందంటే, ప్రమాదం గురించి కంపెనీ ఆయనకు హెచ్చరిక చెప్పలేదని.

అదే కాలిఫోర్నియాలో 2000 నాటి చట్టం ప్రకారం బడిలో మందు కొట్టేదానికి 24 గంటల ముందే బోర్డు పెట్టాల, కొట్టినాక 72 గంటలు తీయగూడదు. ఫ్రాన్స్ అయితే 2017 నుంచి ప్రభుత్వ పార్కుల్లో రసాయన మందులే వద్దనింది. మనం అంత దూరం పోకపోయినా బోర్డు కాడికన్నా పోదాం. పలక మీద సుద్దముక్కతో రాసినా సరే: మందు పేరు, కొట్టిన తేదీ, ఎన్ని రోజులు గడ్డి మీద కూచోగూడదు, ఫోన్ నంబరు. దీనికయ్యే ఖర్చు టీ ఖర్చంత కాదు.

బోర్డు పెట్టకపోతే అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం ఇచ్చింది. శానా విషయాలు ఎవురూ అడక్కముందే బయట పెట్టాలని దాని నాలుగో సెక్షనే చెప్తాది. మనం అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు రావాల. మన రాష్ట్రంలో మున్సిపాలిటీ ఆఫీసులో ఫీజు 10 రూపాయలు, మండలంలో 5, పంచాయతీలో ఏమీ లేదు. తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతాండావో చెప్పే పని లేదు.

ఒక మెలిక ఉండాది అబ్బీ. ‘ఎందుకు కొడ్తాండారు?’ అని రాస్తే అది ప్రశ్న, సమాచారం కాదు అని పక్కన పెట్టేస్తారు. కాగితాలు అడగాల: పోయిన ఏడాదిలో పార్కులకు కొన్న కలుపు మందుల, పురుగు మందుల బిల్లుల నకళ్లు, ఏ తేదీన, యాడ కొట్టినారో ఉండే రిజిస్టరు, కొట్టినోళ్ల లైసెన్సు నకలు, పనోళ్లకు గ్లౌజులు, బూట్లు ఇచ్చిన రిజిస్టరు. ఆఫీసుకు పోయి రికార్డు కళ్లారా చూసే హక్కు, వాడిన మందు శాంపిల్ తీసుకునే హక్కు కూడా చట్టంలో ఉండాయి. జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి 30 రోజుల్లోగా అప్పీలు, ఆ పైన సమాచార కమిషన్‌కు.

దోమల పొగను కూడా అదే అర్జీలో అడగండి. పొగ బండి వెనకాల పిల్లోళ్లు ఉరకడం మనం చూసిందే, మనమూ ఉరికినోళ్లమే. ఆ పొగలో వాడేది శానా చోట్ల మలాథియాన్, అదీ పురుగు మందే. డెంగీ కాలంలో పొగ వద్దని నేను అనను, వచ్చే రోజు, మందు పేరు ముందే చెప్పమంటాను.

అడిగితే ‘మేం ఏ మందూ వాడం, మిషన్‌తో గడ్డి కోస్తాం’ అని జవాబు రావొచ్చు. శానా పార్కుల్లో అదే నిజం కావొచ్చు కూడా. అట్లైతే అదే మాట సంతకంతో, ముద్రతో కాగితం మీద ఉంటాది, మంచిదే కదా.

పోయిన సోమవారం నేనే పోయి అర్జీ ఇచ్చినా. కౌంటర్లో ఆయప్ప రెండుసార్లు చదివి, ‘గడ్డి గురించి కూడానా?’ అని నవ్వినాడు. 10 రూపాయలు తీసుకొని రసీదు ఇచ్చినాడు. తేదీ రాసుకున్నా. జవాబు వచ్చినాక ఉన్నదున్నట్టు ఈడనే రాస్తా.