శివరాత్రి వెనుక కొరమీను వేట

కోటప్పకొండ తిరునాళ్ల ముగిసి ప్రభలు గ్రామములకు మరలివచ్చునప్పటికి మన గుంటూరు, ఒంగోలు మైదానములలో ప్రత్తిచేలు చివరి తీతలకు వచ్చియుండును; కల్లములలో మిరపకాయ యెఱ్ఱగా పఱచుకొనియుండును. శివరాత్రికి చలి శివశివా యని పోవునను సామెత మనుష్యులకే కాదు, చెఱువులోని చేపలకును వర్తించును. గాలము పట్టువారు కొరమీనుకై యెదురుచూచు కాలమిదియే. ఆ వేట యేల ఫలించునో, దానిని ఎంతవరకు చేయదగునో యిచట వివరింపదలచితిమి.

చేపకు మనవలె స్వంత వేడిమి లేదు. నీరు చల్లనైనచో దాని మేనును చల్లనగును, ఆకలి మందగించును. పుష్యమాసపు ఉదయములలో ఎఱ ముక్కుదగ్గఱకు వచ్చినను కొరమీను కదలక పడియుండుట యిందువలననే. శివరాత్రి దాటిన పిమ్మట ఎండ ముదిరి, ఒడ్డుదగ్గఱి లోతు లేని నీరు ముందుగా వేడెక్కును. కప్పలు, చిఱుచేపలు అటు చేరును. వానివెంట కొరమీను వచ్చి తుంగ, తామరల నీడను పొంచియుండును. ఇది తఱిమి వేటాడు చేప కాదు, మాటువేసి పట్టు చేప. కావున నడినీటిలో గాలము వేయుట వ్యర్థము. మన దృష్టి నాచు అంచుననే యుండవలెను.

కొరమీను తన యునికిని తానే తెలుపును. దాని తలలో మొప్పలకు పైన గాలి పీల్చుటకు ప్రత్యేకమైన అర కలదు. ఎదిగిన చేపకు మొప్పలొక్కటే చాలవు. అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మ్రింగకున్నచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. అది తేలినచోట చిన్న వలయ మేర్పడును. అనుభవజ్ఞుడు ఆ చోటును గుర్తుపెట్టుకొని, అడుగుల చప్పుడు లేకుండ, తన నీడ నీటిపై పడకుండ నిలిచి, పొడవైన వెదురుగడతో చేపపిల్లనో కప్పనో అచటికి మెల్లగా దింపును. ఎఱ అందినవెంటనే లాగరాదు. చేప దానిని కఱచుకొని కదలును. దారము సాగుచుండగా క్షణకాల మోర్చి, పిదప లాగవలెను.

అమెరికా సరస్సులలో ఇట్టి వసంతకాలపు వేట లార్జ్‌మౌత్ బాస్ అను పెద్దనోటి చేపకై జరుగును. అదియు మాటువేయునదియే. నీటి వేడిమి సుమారు 15 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిమ్మట అది ఒడ్డుచేరును. మగచేప అడుగున గుంటచేసి గ్రుడ్లకు కావలి కాయును. మన కొరమీనుకును పిల్లలను కాచు గుణము కలదు. కాని మనచోట అది ముఖ్యముగా గ్రుడ్లు పెట్టునది వానకాలమున. నాచు తొలగించిన చోట గ్రుడ్లు నీటిపై తేలుచుండ పెద్దచేపలు కాపలా యుండును. నారింజవన్నె పిల్లలు గుంపుగా తిరుగునప్పుడును వెన్నంటియుండును. అనగా ఫాల్గుణములో మనకు చిక్కు చేప, రాబోవు తొలకరికై చెఱువు దాచుకొన్న విత్తనము.

చిక్కంతయు ఇచటనే యున్నది. గుండ్లకమ్మపై విజయనగరరాజుల కాలమున కట్టిన కంబము చెఱువు వంటి విశాలమైన జలాశయములలో, మంచి యేడులందు, వేసవిలోను నీరు మిగులును. చిన్న గ్రామపు చెఱువులకు ఆ భాగ్యము లేదు. చైత్రవైశాఖములలో అవి మడుగులుగా విడిపోవును. బురదలో దాగి, తేమయున్నంతకాలము గాలి పీల్చుచు బ్రతుకగల కొరమీను అచటనే వానలకై వేచియుండును. చెఱువు పాట పాడుకొన్నవారు మడుగులను తోడి, బురదను సైతము గాలించినచో జత చేపలైనను మిగులవు. బొచ్చె, శీలావతి పిల్లలను కొని మరల వదలవచ్చును. కొరమీను పిల్లలు ఒకదానినొకటి తినునవి కావున వానిని పెంచి యిచ్చుట కష్టము. మృగశిరకార్తెకు చేప తినవలెనను ఆచారము మనది. ఆ కార్తె కొరమీను జతకట్టు తొలకరి దినములలోనే వచ్చుట గమనింపదగినది.

చప్పుడు లేని ముప్పు మఱియొకటి కలదు. ఒకప్పుడు ప్రత్తిపై విరివిగా చల్లిన ఎండోసల్ఫాన్ చేపలకు మిక్కిలి విషము. సుప్రీంకోర్టు 2011లో దాని వాడకమును ఆపించినది. అయినను సైపర్‌మెత్రిన్ వంటి మందులు కొలదిపాటి మోతాదులోనే చేపలను చంపగలవు. గాలి పీల్చు నేర్పు కొరమీనును ప్రాణవాయువు కొఱతనుండి కాపాడునుగాని విషమునుండి కాపాడదు. మందుకొట్టు పంపులను, డబ్బాలను చెఱువులో కడుగరాదు. చేపలను పట్టుటకై నీట విషము కలుపుటను 1897 నాటి భారత మత్స్యచట్టమే నేరముగా నిర్ణయించినది.

గాలము ఒక్కొక్క చేపనే తీయును; ఇంటికి కావలసినంతతో ఆగుట మన చేతిలోనిది. ప్రతి చెఱువునందును ఒక్క మడుగునైనను వేసవిలో తోడక, వలవేయక విడువవలెను. వానలు పడిన పిదప నారింజవన్నె పిల్లలగుంపు కనబడినచోట గాలము వేయరాదు. పిల్లలను కాచు చేప దగ్గఱకు వచ్చిన దేనిపైనను దూకును, కావున సులువుగా చిక్కును. అది చిక్కినవెనుక ఆ గుంపు ఇతర చేపల పాలగును. ఈ మాత్రము సంయమ మున్నచో వచ్చు శివరాత్రికిని నాచు అంచున వలయములు లేచుచునే యుండును.