మతిమరుపు జబ్బుకు మందు లేని వైద్యం

ముసలోళ్లు చెప్పిందే చెప్తుంటే మనం "చాదస్తం" అని నవ్వుతాం. అన్నిసార్లూ అది చాదస్తం కాదు, మెదడు జబ్బు కావచ్చు. అందులో ఎక్కువగా వచ్చేది అల్జీమర్స్. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మనీ డాక్టరు దీన్ని మొదట వివరించాడు. మెదడులోని కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ రోగి భయాన్ని, చిరాకును తగ్గించే పనులు ఉన్నాయి. వాటికి పైసా ఖర్చు లేదు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ జబ్బులో సాధారణంగా కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి. పొద్దున తాగిన అంబలి గుర్తుండదు, చిన్ననాటి పాట గుర్తుంటుంది. కాబట్టి "నేనెవరో చెప్పు?" అని పరీక్ష పెట్టొద్దు. (పరీక్షలంటే మనకే భయం కదా!) మన పేరు మనమే చెప్పి పక్కన కూర్చోవాలి.

మా అవ్వ పొద్దుగూకితే చాలు "ఇంటికి పోతా" అని లేస్తుంది. ఇది ఇల్లే కదా అని ఇంట్లోవాళ్లు అరిస్తే అవ్వ ఇంకా గట్టిగా అరిచేది. ఒకసారి వాగు దాకా పోయింది. గదిలో పెట్టి గొళ్లెం వేద్దామనే మాట కూడా వచ్చింది. అప్పుడు నర్సమ్మ చెప్పింది, వాదించకండి, మీ ఇల్లు ఎట్లుండేదని అడుగుతూ కొంచెం దూరం నడిపించి తీసుకురండి అని. తెలుగులో అడిగితే అవ్వ పలకదు. గోండిలో అడిగితే ఎడ్ల సంగతి, ఇప్పచెట్టు సంగతి చెప్తూ మాతోపాటే ఇంటికి వస్తుంది. తర్వాత నేర్చుకున్న భాష ముందు పోయి తల్లిభాష మిగలడం ఈ జబ్బులో చాలామందికి జరుగుతుందట. హాస్టల్లో ఉండి గోండి మరిచిపోతున్నవాళ్లు అవ్వలతో ఏ భాషలో మాట్లాడతారు?

దండారి పాట ఎత్తుకుంటే అవ్వ చెయ్యి తాళం వేస్తుంది. చేటలో జొన్నలు పోసి ఇస్తే రాళ్లు ఏరుతుంది. చేతులకు అలవాటైన పని తొందరగా పోదు. తిండి, స్నానం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి. పగలు కాసేపు ఎండలో కూర్చోబెట్టాలి. సాయంత్రం చీకటి పడకముందే లైటు వెయ్యాలి, నీడలు చూసి భయపడతారు.

అవ్వను రాత్రింబవళ్లు చూసేది మా అమ్మ. సెలవుల్లో పోయినప్పుడు రోజుకు ఒక గంట నేను కూర్చుంటా, అమ్మ పడుకుంటుంది.

ఇంకొకటి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా తికమక పడితే ఇదే జబ్బు అనుకొని ఊరుకోవద్దు. జ్వరమో, మూత్రంలో మంటో, నీళ్లు తాగకపోవడమో కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

— 9వ తరగతి విద్యార్థి